ఈ నెల 31న మా నల్లా లైన్‌మెన్ అన్న రిటైర్ అవుతున్నారు. శాలువా కప్పడం కాకుండా ఇంకేం చేయొచ్చు?

గుట్టగల్లీ_చివరిల్లు · మే 4, ఉదయం 7:12

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. వడ్డేపల్లి ఫిల్టర్ బెడ్ నీళ్లు వచ్చే కాలనీ. ఇళ్లన్నీ గుట్ట వాలు మీద ఉంటాయి. అందులో మా ఇల్లు అన్నిటికన్నా పైన, గల్లీలో ఆఖరిది. నల్లా నీళ్లు అందరికీ వచ్చాక మాకు వస్తాయి. రాకపోతే ముందు మాకే రావు.

మా లైన్‌మెన్ అన్న నీళ్ల రోజున తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తారు. పాత టీవీఎస్ ఎక్సెల్ బండి, దానికి పక్కన కట్టిన పొడవాటి ఇనుప రాడ్డు. గల్లీ మొదట్లో వాల్వు గుంత మీది మూత తీసి, చేత్తో మట్టి తోడి, రాడ్డు దింపి తిప్పుతారు. ఒక్కో చుట్టు పెదవులతో లెక్కపెట్టుకుంటారు. తర్వాత బండి అక్కడే వదిలి, నడుచుకుంటూ పైకొచ్చి మా అరుగు మీద కూర్చుంటారు. ఆయన అడిగేది ఒక్కటే మాట, "నీళ్లు ఎక్కినయా అక్కా?" ఎక్కినయ్ అన్నాకే లేచి వెళ్తారు. పందొమ్మిదేళ్లుగా ఇదే చూస్తున్నాను.

2021 మే నెలలో మా ఇంట్లో నలుగురికీ కరోనా వచ్చింది. వీధిలో ఎవరూ మా గేటు దగ్గరికి కూడా రాలేదు, వాళ్లను తప్పుపట్టను. ఆయన మాత్రం గేటు అవతల నిలబడి అదే మాట అడిగేవారు. నా గొంతు పూర్తిగా పోయింది. కిటికీ దగ్గర స్టీలు గ్లాసు మీద చెంచాతో రెండు దెబ్బలు కొట్టేదాన్ని. అది విని చెయ్యెత్తి వెళ్లిపోయేవారు.

ఈ నెలాఖరుకు ఆయనకు 61 నిండుతున్నాయి. కాలనీ తరఫున ఏదైనా చేద్దామని అందరూ అంటున్నారు. శాలువా, దండ, మెమెంటో తప్ప ఇంకో మాట రావడం లేదు. మీ దగ్గర ఎవరైనా ఇంతకన్నా మంచిగా చేసి ఉంటే చెప్పండి.

కొత్తవాడ_మగ్గం · మే 4, ఉదయం 8:40

అక్కా, చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. శాలువా తప్పు కాదు కానీ అది బీరువాలోకి పోతుంది. దానికి బదులు కొత్తవాడ జంపఖానా ఇవ్వండి. మన వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకు అని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. రిటైర్ అయ్యాక మధ్యాహ్నం నడుం వాల్చడానికి పనికొస్తుంది, పదేళ్లయినా చిరగదు. రంగులు ముందే చెబితే మా నాన్న నేసి ఇస్తారు.

కాజీపేట_జంక్షన్ · మే 4, ఉదయం 9:05

మా రైల్వేలో రిటైర్మెంట్ రోజు పూలదండ వేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకెళ్తాం. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు ఎదురొచ్చి హారతి ఇస్తారు. ఆ మనిషిని వీధి వీధంతా చూస్తుంది. మీరూ ఆయన్ను ఆ గుట్ట గల్లీ కింది నుంచి పైదాకా నడిపించండి. రోజూ చీకట్లో నడిచిన తొవ్వలో ఒక్క రోజు వెలుతురులో అందరి మధ్య నడవనివ్వండి.

బల్దియా_పాతకాపు · మే 4, రాత్రి 9:31

నేను శానిటేషన్ విభాగంలో ముప్పై రెండేళ్లు చేసి దిగినవాణ్ని. నీళ్ల విభాగంలో కాదు గానీ వాళ్లతో కలిసే తిరిగాను కాబట్టి చెప్తున్నా.

61 నిండి ఇప్పుడు దిగుతున్నారంటే ఆయన 1980ల్లో ఎన్‌ఎంఆర్‌గా చేరి ఉంటారు. అంటే రోజు కూలీ. మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరుంటే ఆ రోజు డబ్బులు, లేకపోతే లేవు. 1994లో జీవో 212 వచ్చింది. 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్లు నిండినవాళ్లను పర్మినెంట్ చేయడానికి దారి దొరికింది అప్పుడే. అదే ఏడాది వరంగల్ మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2015లో గ్రేటర్ అయింది. అప్పటికే చుట్టుపక్కల ఊళ్లు కలిశాయి, ఇప్పుడు 66 డివిజన్లు. పేరు మారిన ప్రతిసారీ ఊరు పెరిగింది, పైపు పొడవు పెరిగింది. వాల్వు తిప్పే చెయ్యి మాత్రం అదే.

మీ అన్న చుట్లు లెక్కపెడతారు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. వాలు మీది కాలనీలో వాల్వు పూర్తిగా తెరిస్తే కింది ఇళ్లే నీళ్లన్నీ లాగేసుకుంటాయి, పైకి ఎక్కవు. కింది గల్లీ వాల్వు ఎన్ని చుట్లు బిగించాలి, పై గల్లీది ఎన్ని వదలాలి, ఎంతసేపు వదలాలి అన్నది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. ఒక మనిషి ఏళ్ల తరబడి తప్పుచేసి, సరిచేసుకుని, మణికట్టుతో నేర్చుకున్న విద్య అది. ఆయన మీ అరుగు మీద కూర్చున్నది అలసటకు కాదు అమ్మా. చివరి నల్లా ఆయనకు మీటర్.

ఇంకోటి. మన దగ్గర పైపులో నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉండవు. ఖాళీగా ఉన్నప్పుడు లీకేజీ ఉన్న చోట మోరీ నీళ్లు లోపలికి గుంజుకుంటాయి. మంచి లైన్‌మెన్ మొదటి నీళ్లను కాసేపు బయటికి వదిలి, రంగు, వాసన చూసి అప్పుడు ఇళ్లకు ఇస్తాడు. ఇది చేయకపోయినా ఎవరూ అడగరు. చేసినందుకు ఎవరూ మెచ్చుకోరు. వానాకాలంలో ఆ వీధిలో పిల్లలకు వాంతులు విరేచనాలు రాకపోవడమే దాని ఫలితం. రాని జబ్బుకు సన్మానం ఎట్లా చేస్తాం? అందుకే వీళ్ల పని ఎవరి కంటా పడదు.

నా సలహా ఒకటే. ఆయన వెళ్లేలోపు ఒక పొద్దున ఆయనతో కలిసి నడవండి. ప్రతి వాల్వు ఎక్కడుందో అడిగి రాసుకోండి. ఒక ఊళ్లో, పేరు చెప్పను, లైన్‌మెన్ దిగిపోయాక పైపు పగిలితే వాల్వు దొరకలేదు. పైన సీసీ రోడ్డు వేసేశారు. మూడు చోట్ల తవ్వారు. చివరికి రిటైర్ అయిన ఆ పెద్దమనిషినే బండి మీద తీసుకొస్తే, నిలబడి కాలితో చూపించాడు, "ఇగో ఇక్కడ." పదిహేను రోజులు ఆ వీధి ట్యాంకర్ నీళ్లతో గడిపింది.

సూటిగా_చెప్తా · మే 5, ఉదయం 6:50

నాకు ఒక అభ్యంతరం ఉంది. జీతం తీసుకున్నారు, పని చేశారు. రైతుకు, హమాలీకి ఎవరు సన్మానం చేస్తున్నారు? నా కూతురి బర్త్ సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తప్పు పడితే సరిచేయించడానికి ఏడు నెలలు తిరిగాను. ఏ ఊళ్లో అన్నది వదిలేయండి. చివరికి ఏం జరిగి పనైందో కూడా అందరికీ తెలుసు. అప్పటి నుంచి గవర్నమెంట్ ఉద్యోగికి దండ వేయడమంటే నాకు చెయ్యి రాదు.

బల్దియా_పాతకాపు · మే 5, ఉదయం 7:35

తమ్మీ, నీ కోపం న్యాయమైనదే. ముప్పై రెండేళ్లలో అలాంటివాళ్లను నేనూ చూశాను. సిగ్గుపడ్డాను కూడా. కానీ ఒక్క మాట. వాళ్లకీ, ఈ అన్నకీ రిటైర్మెంట్ రోజు ఒకే శాలువా, ఒకే దండ, అవే నాలుగు మాటలు దొరుకుతాయి. "మచ్చలేని సేవలు అందించారు" అని ఇద్దరి గురించీ మైకులో చెప్తారు. అందుకే దాని విలువ పోయింది. ఈ అక్క అడుగుతున్నది అందరికీ దండ వేయమని కాదు. ఈ ఒక్క మనిషి ఏం చేశాడో సరిగ్గా చెప్పాలని. నువ్వు ఏడు నెలలు తిరిగావు కాబట్టి తిప్పని మనిషి విలువ నీకే బాగా తెలియాలి.

మానేరు_ఒడ్డు · మే 5, మధ్యాహ్నం 1:18

నేను కరీంనగర్ నుంచి. మా అమ్మ మున్సిపాలిటీలో స్వీపర్‌గా చేసింది. టవర్ సర్కిల్ చుట్టుపక్కల రోడ్లు ఊడ్చేది. ఐదింటికి మస్టర్. అంటే మూడున్నరకు లేవాలి. నాకు, తమ్ముడికి జొన్నరొట్టె చేసి గిన్నె మీద మూత పెట్టి వెళ్లేది. మేం లేచేసరికి అమ్మ ఇంట్లో ఉన్న రోజు నాకు గుర్తులేదు.

రిటైర్ అయిన రోజు ఆఫీసులో అందరితోపాటు అమ్మకూ శాలువా కప్పారు. అమ్మ సంతోషపడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ అమ్మ దాచుకున్నది మాత్రం అది కాదు. ఆ రోడ్డు మీద ఒక టైలర్ షాపు ఉండేది. ఆ షాపాయన రెండు పేజీల ఉత్తరం రాసి ఇచ్చారు. అమ్మకు చదువు రాదు. ఇంటికొచ్చాక నేనే చదివి వినిపించాను.

అందులో పొగడ్తలు లేవు. ఆయన రోజూ పొద్దున షాపు అరుగు మీద కూర్చుని చూసినవి ఉన్నాయి. ఫలానా వానలో మోరీ జాలీకి అడ్డం పడ్డ కవర్లను నువ్వు చేత్తో లాగావు, లేకపోతే నా షాపులోకి నీళ్లొచ్చేవి అని. గాజు పెంకులు దొరికితే విడిగా పాత గుడ్డలో మూటగట్టేదానివి, బండి ఎత్తే పిల్లలకు గుచ్చుకోకూడదని. నా షాపు ముందు కత్తిరింపు ముక్కలు నేనే పడేశానని తెలిసినా ఒక్కసారి కూడా తిట్టలేదు, ఆ సంగతి ఇన్నాళ్లూ నన్ను పీడించింది అని.

అమ్మ రెండోసారి చదవమంది. మూడోసారి కూడా. "గాజు పెంకులు మూటగట్టుడు ఆయన చూసిండా?" అని అడిగింది. ఆ కాగితం ఇప్పుడు ఆధార్ కార్డు, పెన్షన్ బుక్కు ఉన్న కవర్లోనే ఉంది.

కాబట్టి అక్కా, ఉత్తరాలు రాయండి. ఇంటికొకటి. "మీ సేవలు మరువలేనివి" అని కాదు. మీరు కళ్లతో చూసింది రాయండి.

గుట్టగల్లీ_చివరిల్లు · మే 5, రాత్రి 8:02

చెల్లీ, నీ పోస్టు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇప్పటికి పదకొండు ఇళ్ల వాళ్లు రాస్తామన్నారు. ఒకామె ఫోన్ చేసి చెప్పిన సంగతి నాకే తెలియదు. వాళ్ల బాబు ఐదో తరగతిలో ఉన్నప్పుడు లైన్‌మెన్ అన్న నల్లా దగ్గర క్లోరిన్ పరీక్ష చేసి చూపించారట. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వచ్చిందట. "ఈ పచ్చదనం ఉన్నదా, మీ నీళ్లు మంచియి. లేదా, నాకు ఫోన్ కొట్టు" అన్నారట. నల్లా దగ్గరికి చేరేసరికి లీటరులో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది లెక్క అని ఆ బాబే ఇప్పుడు మాకు చెప్పాడు. నిట్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు.

స్వచ్ఛ_ఆటో · మే 6, సాయంత్రం 4:27

నేను చెత్త ఆటో నడుపుతాను. ఔట్‌సోర్సింగ్. మీ అన్నకు మీరు చేసేది చూసి సంతోషం అనిపించింది. ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్న.

పర్మినెంట్ వాళ్లకు 31వ తారీఖు అని ఒకటి ఉంటుంది. మాలాంటివాళ్లకు ఆ రోజే ఉండదు. ఒక నెల మస్టర్‌లో పేరు ఉంటుంది, తర్వాతి నెల ఉండదు. అరవై దాటింది రావద్దు అంటారు, అంతే. ఎవరికీ తెలియదు. పొద్దున వేరే మనిషి వస్తే "మొన్నటామె రాలేదా?" అని ఇళ్లవాళ్లు అడుగుతారు. నేను ఏం చెప్పాలి?

మా బండి మీద ఒక పెద్దమ్మ చేసేది. నాకు పని నేర్పింది ఆమెనే. సద్దుల బతుకమ్మ తెల్లారి పద్మాక్షి గుండం దగ్గర డ్యూటీ పడితే ఎట్లా ఉంటుందో మీకు చెప్తా. రాత్రి వేల మంది ఆడి పోతారు. నాలుగింటికి మేం దిగుతాం. తంగేడు, గునుగు, బంతి అన్నీ నీళ్లకు నాని బరువెక్కుతాయి. ఒక్కో తట్ట లేపాలంటే ఇద్దరు కావాలి. పెద్దమ్మ మోకాళ్ల లోతు నీళ్లల్లో నిలబడి పూలు దగ్గరికి తోస్తూ, పసుపు గౌరమ్మ ముద్ద చేతికి దొరికితే మాత్రం తట్టలో వేసేది కాదు. కళ్లకద్దుకుని మళ్లీ నీళ్లల్లో విడిచేది. "అమ్మవారిని చెత్తల కలుపుతమా?" అనేది. మేడారం డ్యూటీకి పోయినా అంతే, బంగారం (అక్కడ మొక్కుకునే బెల్లం) అంటుకున్న ఆకు కాలి కింద పడనిచ్చేది కాదు.

రెండు నెలల కింద ఆమె పని ఆగిపోయింది. దండ లేదు, మాట లేదు. ఆమె చేసింది మీ ఏరియాలోనే అక్కా. మీ గుట్ట గల్లీ, దాని కింద రెండు వీధులు మా రూట్‌లోవే.

గుట్టగల్లీ_చివరిల్లు · మే 6, సాయంత్రం 5:10

తమ్మీ, ఆకుపచ్చ కొంగు చుట్టుకుని, చేతికి వెండి కడియం ఉండే పెద్దమ్మేనా? నేను ఆమెకు రోజూ చెత్త డబ్బా ఇచ్చాను. ఆమె రావడం మానేసిందని గమనించాను, అడగలేదు. ఈ సంగతి నన్ను బాధపెడుతోంది. 31న ఆమెను కూడా పిలుస్తాం. పక్కనే కుర్చీ వేస్తాం. ఇద్దరికీ ఒకే రోజు.

కొత్తవాడ_మగ్గం · మే 6, సాయంత్రం 5:44

అయితే జంపఖానాలు రెండు. రెండోది మా నాన్న తరఫున.

పీఎఫ్_లెక్కలు · మే 6, రాత్రి 10:15

నేను ఈ కాగితాల పనిలోనే ఉంటాను. దండల కన్నా ముందు ఇవి చూడండి. వివరంగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

లైన్‌మెన్ అన్న 2004 సెప్టెంబర్‌కు ముందు పర్మినెంట్ అయ్యారు కాబట్టి పాత పెన్షన్ కిందికే వస్తారు. సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ, పర్మినెంట్ అయిన ఆర్డరు, ఇంక్రిమెంట్లు అన్నీ ఎక్కాయో లేదో ఇప్పుడే చూసుకోమనండి. భార్య పేరు రిజిస్టర్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆమె ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇంటి పేరు ముందా వెనకా అన్నంత చిన్న తేడాకు కూడా ఫైలు ఆగుతుంది. మీ కాలనీలో ఆఫీసు పని తెలిసిన ఒకరు ఒక రోజు సెలవు పెట్టి ఆయనతో కూర్చుంటే, అదే పెద్ద కానుక.

ఇక పెద్దమ్మ సంగతి. పీఎఫ్ కట్ అయి ఉంటే యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబర్ ఉంటుంది. మొత్తం పదేళ్లు కట్టి ఉంటే నెలనెలా పెన్షన్ వస్తుంది, కనీసం 1,000 రూపాయలు. తక్కువే, అయినా ఆమె హక్కు. పదేళ్లు నిండకపోతే ఒకేసారి తీసుకోవచ్చు. ఏజెన్సీలు మారినప్పుడు రెండు మూడు నంబర్లు పుట్టి ఉంటాయి, వాటిని కలపాలి.

గ్రాట్యుటీ, అంటే పని నుంచి దిగినప్పుడు ఒకేసారి ఇచ్చే డబ్బు, దీని గురించి చాలామందికి తెలియదు. చట్టం ప్రకారం ఐదేళ్లు తెగకుండా చేసినవాళ్లకు వస్తుంది. కాంట్రాక్టు కార్మికులకు రాదనుకోవడం తప్పు. లెక్క ఇదీ. బేసిక్, డీఏ కలిపి చివరి నెల జీతం 15,600 అనుకోండి. 26తో భాగిస్తే రోజుకు 600. ఏడాదికి 15 రోజుల చొప్పున 9,000. ఇరవై ఏళ్లు చేస్తే 1,80,000. ఏజెన్సీ మారిన ప్రతిసారీ సర్వీసు మొదటికొచ్చింది అని వాదిస్తారు. అందుకే పాత గుర్తింపు కార్డులు, జీతం పడ్డ బ్యాంకు పుస్తకాలు, ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు, ఏదీ పారేయొద్దని చెప్పండి. ఈఎస్‌ఐలో ఐదేళ్లకు తక్కువ కాకుండా ఉండి వయసు మీద దిగినవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే వాళ్లకూ, భార్యకో భర్తకో వైద్యం కొనసాగుతుంది. ఇదీ అడగండి.

పెద్దమ్మ కాగితాలు నేను చూస్తా. పైసా తీసుకోను. ఆటో తమ్ముడు ఆమెను తీసుకొస్తే చాలు.

డల్లాస్‌లో_ఓరుగల్లు · మే 7, ఉదయం 6:02

మా అమ్మానాన్న అదే కాలనీలో కింది వరుసలో ఉంటారు. నేను ఎంత పంపాలో చెప్పండి, మొత్తం ఖర్చు నేనే పెట్టుకుంటా.

గుట్టగల్లీ_చివరిల్లు · మే 7, ఉదయం 6:45

తమ్ముడూ, డబ్బు వద్దు. అన్న ఎవరి దగ్గరా చాయ్ డబ్బులు కూడా తీసుకోరు. నువ్వు ఒక ఉత్తరం రాసి పంపు. చిన్నప్పుడు ఏదైనా చూసి ఉంటావు.

డల్లాస్‌లో_ఓరుగల్లు · మే 7, రాత్రి 11:20

రాశాను. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ లోతట్టు కాలనీలన్నీ మునిగినప్పుడు నేను ఫోన్లో ఏడుస్తుంటే నాన్న అన్నారు, "మన లైన్‌మెన్ వచ్చిండు, నీళ్లు రెండు దినాలు బంద్ పెడతడట, పైపులు కడిగినంక ఇస్తడట, అప్పటిదాక కాగబెట్టి తాగమన్నడు." ఇంట్లోకి మోకాళ్ల దాకా వరద వచ్చిన రోజున మా నాన్న గొంతులో భయం పోయింది ఆ మాట చెప్పినప్పుడే. అది రాశాను.

సూటిగా_చెప్తా · మే 8, ఉదయం 7:30

పాతకాపు సార్ చెప్పినదాని గురించి రెండు రోజులు ఆలోచించాను. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగినప్పుడు మా మేనత్త ఇల్లు ఆ దగ్గర్లోనే. వానలో ఇసుక బస్తాలు మోసినవాళ్లలో మున్సిపాలిటీ వాళ్లూ ఉన్నారు, నేను చూశాను. ఆ రోజు వాళ్లెవరో, పేరేమిటో అడగలేదు. నా కోపం నాతోనే ఉంది, అది పోదు. కానీ ఆ పొద్దున వాల్వులు రాసుకోవడానికి మీకు మనిషి కావాలంటే నేను వస్తా. నేను సర్వే పని చేస్తాను. ఫోన్లో లొకేషన్ పట్టి మ్యాప్ గీయడం నాకు వచ్చు.

గుట్టగల్లీ_చివరిల్లు · మే 25, మధ్యాహ్నం 12:40

ఇవాళ పొద్దున నడిచాం. లైన్‌మెన్ అన్న, మేం ఆరుగురం, సూటిగా_చెప్తా గారు, అన్న స్థానంలో వస్తున్న కొత్త అబ్బాయి. అన్న మొదట మొహమాటపడ్డారు, "ఇందులో రాసుకునుడు ఏమున్నదక్కా" అన్నారు. రెండో వాల్వు దగ్గరికి వచ్చేసరికి ఆయనే ముందు నడుస్తున్నారు.

మొత్తం పదిహేడు వాల్వులు. నాలుగు సీసీ రోడ్డు కింద ఉన్నాయి. వాటిని కరెంటు స్తంభం నుంచి అడుగులు లెక్కపెట్టి చూపించారు. ఒకచోట రాడ్డు మొన పైపు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మమ్మల్నీ వినమన్నారు. నేను విన్నాను. మామూలు చోట గాలి హోరులా ఉంది. ఇంకో చోట సన్నగా ఈల లాంటి చప్పుడు. "అదే లీకేజీ, ఇంకో నెలకు పైకి తేలుతది" అన్నారు. కొత్త అబ్బాయి మూడుసార్లు విన్నాక తలూపాడు. ప్రతి వాల్వు దగ్గరా పసుపు పెయింట్‌తో నంబరు వేశాం. చుట్ల లెక్క పక్కన రాసుకున్నాం. మా గుట్ట గల్లీది పద్నాలుగు చుట్లు.

పీఎఫ్_లెక్కలు · మే 28, రాత్రి 9:50

పెద్దమ్మకు రెండు యూఏఎన్‌లు ఉన్నాయి. కలపడానికి పెట్టాం. రెండూ కలిపితే పదకొండేళ్ల పైన కట్టినట్టు తేలింది. పెన్షన్‌కు అర్హురాలు. గ్రాట్యుటీకి దరఖాస్తు రాసి ఇచ్చాం, దాని వెంట పడాలి.

గుట్టగల్లీ_చివరిల్లు · జూన్ 1, ఉదయం 8:15

నిన్న సాయంత్రం అయిపోయింది. కాజీపేట అన్న చెప్పినట్టే గుట్ట కింది నుంచి పైదాకా నడిపించాం. డప్పులు పెట్టాం. కింది ఇళ్లవాళ్లు కూడా గేట్ల దగ్గరికి వచ్చారు. చాలామంది ఆయన్ను వెలుతురులో చూడడం అదే మొదటిసారి. "మా నల్లా ఆయన ఈయనేనా!" అని ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నారు.

పెద్దమ్మ కుర్చీలో కూర్చోనంది. కింద చాప మీదే కూర్చుంటానంది. లైన్‌మెన్ అన్న లేచి వెళ్లి, "అక్కా, మనిద్దరం పొద్దున నాలుగింటికి ఎన్నిసార్లు ఎదురుపడ్డం, నువ్వు ఊడ్చిన గల్లీలనే కదా నేను నడిచిన" అని చెయ్యి పట్టి తెచ్చి పక్కన కూర్చోబెట్టారు.

ఇరవై మూడు ఉత్తరాలు చదివాం. అన్న తల వంచుకునే విన్నారు. డల్లాస్ ఉత్తరం చదువుతున్నప్పుడు దస్తీ తీశారు. పెద్దమ్మ గురించి ఆటో తమ్ముడే మాట్లాడాడు. గౌరమ్మ సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లందరం లేచి నిలబడ్డాం. ఎవరూ లేవమనలేదు.

చివర్లో అన్నను మాట్లాడమంటే రెండే మాటలు అన్నారు. కొత్త అబ్బాయిని దగ్గరికి పిలిచి రాడ్డు చేతికిచ్చి, "పైగల్లీకి పద్నాలుగు. తొందరల పన్నెండుకే ఆపకు బిడ్డా. ఆపితే అక్కకు ఎక్కవు" అన్నారు.

కొత్త_లైన్‌మెన్ · జూన్ 2, ఉదయం 5:31

నమస్తే. ఇవాళే ఈ చర్చలో చేరాను. తెలంగాణ ఆవిర్భావ దినం సెలవే అయినా నీళ్ల రోజు కాబట్టి వచ్చాను. పద్నాలుగు చుట్లు తిప్పాను. మొదటి నీళ్లు కాసేపు బయటికి వదిలాను. చుక్కల మందు వేస్తే పసుపు వచ్చింది. కింది వాల్వు దగ్గర చిన్న పని ఉండి పైకి రాలేకపోతున్నా. చివరింటి అక్కా, నీళ్లు ఎక్కినయా?

గుట్టగల్లీ_చివరిల్లు · జూన్ 2, ఉదయం 5:52

ఎక్కినయ్ తమ్మీ. మొదట సన్నగా వచ్చాయి, ఇప్పుడు బిందె నిండుతోంది. వచ్చే నీళ్ల రోజు పైకి రా, అరుగు మీద చాయ్ పెడతా.